ఊపిరి ముందు, పెదవి తర్వాత

పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలకి మొదటి వారం నేను పెన్సిలు ఇవ్వను. హెడ్‌ఫోను ఇస్తాను. ఒకే పాట యాభై సార్లు వినాలి. మూడో రోజుకల్లా ముఖాలు వాడిపోతాయి. "గీసేదెప్పుడన్నా?" అని నసుగుతారు. "పాడినవాళ్ళు ఎక్కడెక్కడ ఊపిరి తీసుకున్నారో రాసుకురా, అప్పుడు చూద్దాం" అంటాను. నీకూ అదే మాట. బొమ్మల చేత పాటలు పాడించడం నా వృత్తి. ఇరవై ఏళ్ళు దాటింది. ఇందులో చేతి పని ఎంతుందో చెవి పనీ అంతే ఉంది.

నా గది చిలకలూరిపేటలో, ఎన్నార్టీ సెంటరు దగ్గర సందులో, ఒక పత్తి, మిర్చి వ్యాపారి మేడ మీద. రెండు కంప్యూటర్లు, గీసే టాబ్లెట్టు ఒకటి, చుట్టూ దుప్పట్లు కట్టిన ఒక మూల. ఆ మూలే మా రికార్డింగు గది. మిర్చి సీజన్లో పగటిపూట అక్కడ పాట పట్టడం కుదరదు. కింద మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, దించుతుంటే ఘాటు మేడెక్కుతుంది, పాడేవాళ్ళ గొంతు పట్టేస్తుంది. అందుకని తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడతాం. హైవే మీద లారీల మోత కూడా అప్పుడే కాస్త పల్చబడుతుంది.

బొమ్మ కదలడమంటే ఏమిటో నాకు మొదట చూపించింది కోటప్పకొండ ప్రభ. మహాశివరాత్రికి మా పురుషోత్తమపట్నం నుంచీ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ విద్యుత్ ప్రభలు కొండకి కదులుతాయి. ఎనభై, తొంభై అడుగుల చట్రం, దాని నిండా బల్బులు. ఆ బల్బుల్లోనే గుర్రం పరిగెత్తుతుంది, నెమలి పురి విప్పుతుంది. చిన్నప్పుడు సీరియల్ లైట్లు కట్టే ఒక బాబాయ్ దగ్గర చేతిసాయానికి పోయేవాణ్ణి. ఆయన దగ్గర ఒక చెక్క రోలరు ఉండేది. దాని చుట్టూ రాగిరేకు ముక్కలు అతికించి ఉండేవి. చిన్న మోటారు దాన్ని తిప్పుతుంటుంది. పైన వరసగా రేకు నాలుకలు ఆనించి ఉంటాయి, ఒక్కో నాలుకా ఒక్కో బల్బుల వరసకి. రాగి తగిలిన వరస వెలుగుతుంది, దాటితే ఆరిపోతుంది. గుర్రం కాలికి మూడు వరసలు. ముందుకు చాచిన కాలు, నిలువు కాలు, వెనక్కి మడిచిన కాలు. మూడూ ఒకదాని వెనక ఒకటి వెలిగితే గుర్రం పరుగు.

ఒకసారి రేకులు నన్ను కత్తిరించమన్నాడు. స్కేలు పెట్టి కొలిచి, ఒక రేకు అంచు అయిపోయిన చోటే రెండోది మొదలయ్యేట్టు అతికించాను. మోటారు వేశాం. గుర్రం కుంటింది. కాలికీ కాలికీ నడుమ ఒక చిన్న చీకటి. బాబాయ్ తిట్టలేదు. ఒక రేకు పీకేసి, గోరంత పొడుగ్గా ఇంకోటి కత్తిరించి అతికించాడు. గుర్రం సాఫీగా పరిగెత్తింది. "ఒకటి ఆరకముందే ఇంకోటి వెలగాల్రా. మధ్యలో చీకటి పడితే కన్ను పట్టేసిద్ది" అన్నాడు. తర్వాత నేను చదివిన పుస్తకాలన్నీ ఈ మాటనే పేజీల కొద్దీ చెప్పాయి.

2001లో డిగ్రీ చదువుతున్నప్పుడు ఒక రాత్రి కేబుల్ టీవీలో ఆ పాట వచ్చింది. తెల్లటి తెర మీద నలుగురు బొమ్మల మనుషులు, వాళ్ళదొక బ్యాండు. పాడేవాడు టూ-డీ, బేస్ గిటారు మర్డక్, గిటారు నూడుల్ అనే జపాను పిల్ల, డ్రమ్ములు రస్సెల్. పాట పేరు 'క్లింట్ ఈస్ట్‌వుడ్'. హాలీవుడ్ కౌబాయ్ హీరో పేరే పెట్టేశారు. మధ్యలో డ్రమ్ములవాడి తలలోంచి నీలం రంగు దయ్యం లేచి ర్యాప్ అందుకుంటుంది, సమాధుల్లోంచి గొరిల్లాలు లేచి చిందేస్తాయి. బ్యాండు పేరు గొరిల్లాజ్. 1998లో లండన్‌లో ఒకే ఫ్లాటులో ఉండే ఇద్దరు మొదలుపెట్టారని తర్వాత చదివాను. ఒకరు బ్లర్ బ్యాండు గాయకుడు డేమన్ ఆల్బర్న్, ఇంకొకరు 'ట్యాంక్ గర్ల్' బొమ్మల కథ గీసిన జేమీ హ్యూలెట్. పాట ఒకరిది, గీత ఒకరిది.

ఆ రాత్రి నన్ను పట్టుకున్నవి టూ-డీ కళ్ళు. వాటిలో పాపలు లేవు, రెండు నల్ల గుంటలు. అయినా వాడు విసిగిపోయి ఉన్నాడని, లోపల ఏదో దిగులుందని నాకు తెలిసిపోతోంది. చూపు లేకుండా ఎట్టా తెలుస్తోంది? ఆ ప్రశ్నే నన్ను ఈ పనిలోకి లాక్కొచ్చింది. జవాబు దొరకడానికి నాలుగేళ్ళు పట్టింది. వంగిన మెడ, జారిన భుజం, సగం తెరుచుకుని మాట కోసం కాచుకున్న నోరు. కళ్ళు చెప్పాల్సినదంతా అవే చెబుతున్నాయి. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలకి మొదటి నెల కళ్ళు లేని ముఖంతోనే పాట చేయిస్తాను. కళ్ళుంటే బద్ధకం వస్తుంది. రెండుసార్లు రెప్పలార్పించి, బొమ్మకి ప్రాణం వచ్చిందనుకుంటారు.

ఇంట్లో వాళ్ళకి ఈ పని చెబితే అర్థం కాలేదు. మా తాతకి మాత్రం వెంటనే అర్థమైంది. "తోలుబొమ్మలాటేగా" అన్నాడు. నిజంగా అదే. మేకతోలుని కాంతి దూరేంత పల్చగా గీకి, రంగులద్ది, చేతులూ కాళ్ళూ విడివిడిగా కత్తిరించి దారంతో ముడేస్తారు. ముందు తెర, వెనక దీపం. తెర వెనక మనుషులు హార్మోనియం, మద్దెల, తాళాలు వాయిస్తూ, కాళ్ళకి గజ్జెలు కట్టి చెక్కపలకలు తొక్కుతూ పాడతారు. జనం మాత్రం సీత పాడిందంటారు, రావణుడు అరిచాడంటారు. బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వచ్చి నవ్విస్తే బంగారక్క పేరే చెప్పుకుంటారు గానీ తెర వెనక ఎవరున్నారని అడగరు. గొరిల్లాజ్ కూడా 2001లో మొదటి కచేరీలు తెర వెనక నిలబడే ఇచ్చారు. ముందు తెర మీద బొమ్మలు, వెనక మనుషుల నీడలు. 2005లో లిస్బన్‌లో ఎమ్‌టీవీ అవార్డుల వేదిక మీద బొమ్మలు నిలబడి పాడినట్టు చూపించిన కిటుకు కూడా పాతదే. 1860ల నాటి లండన్ నాటకశాలల్లో దయ్యాన్ని చూపడానికి వాడిన అద్దం ప్రతిబింబం అది. అద్దానికి బదులు పారదర్శకమైన పల్చటి పొర కట్టారు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మా పనివాళ్ళు ఒకసారైనా ఆ ఊరు వెళ్ళి, మోచేతి ముడి ఎంత వదులుగా కడతారో చేత్తో పట్టుకుని చూడాలి. కంప్యూటర్లో మేము పెట్టే కీళ్ళు అంత సహజంగా వేలాడితే చాలు.

2003లో హైదరాబాదు అమీర్‌పేట వెళ్ళి యానిమేషన్ కోర్సు చేశాను, తర్వాత అక్కడే ఒక స్టూడియోలో ఇన్-బిట్వీనర్‌గా చేరాను. అసలు భంగిమలు సీనియర్లు గీస్తారు, వాటిని కీలంటారు. కీకీ కీకీ నడుమ బొమ్మలు నింపేవాడు ఇన్-బిట్వీనర్. లైట్‌బాక్సు మీద కాగితం పెట్టి రోజంతా గీసేవాళ్ళం. హైదరాబాదులో అవి మంచి రోజులు. 2001లో రాజీవ్ చిలక మొదలుపెట్టిన గ్రీన్ గోల్డ్ నుంచి 2008లో 'ఛోటా భీమ్' వచ్చింది. 2006 సంవత్సరానికి మన తెలుగు యానిమేషన్ చిత్రం 'కిట్టు'కి జాతీయ అవార్డు వచ్చింది. ఆ వార్త విని మా ఫ్లోరులో మిఠాయి పంచారు.

మా లీడ్ ఒక బెంగాలీ దీదీ. నాకు పని నేర్పింది ఆవిడే. గీత బాగాలేకపోతే ఏమీ అనేది కాదు, లెక్క తప్పితే మాత్రం కాగితం వెనక్కి పంపేది. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకి 12 బొమ్మలు. దీన్ని టూస్ అంటాం. నోరు వేగంగా కదిలే చోట మాత్రం ఒక్కో ఫ్రేముకి ఒక్కో బొమ్మ. ఏ ఫ్రేములో ఏ అక్షరం, ఏ దెబ్బ పడుతుందో నిలువుగా రాసుకునే కాగితం ఎక్స్-షీటు. దీదీ నేర్పిన మొదటి కిటుకు ఇది. పెదవి ఆకారం శబ్దానికి రెండు ఫ్రేములు ముందు రావాలి. శబ్దంతో సరిగ్గా కలిపితే చూసేవాళ్ళకి ఆలస్యమైనట్టు కనిపిస్తుంది. మనం కూడా నోరు తెరిచాకే గదా గొంతు విప్పేది.

2005లో 'ఫీల్ గుడ్ ఇంక్' వచ్చింది. స్టూడియోలో ఎవరో సీడీలో కాపీ చేసి తెచ్చారు. షిఫ్టయ్యాక కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ చూశాను. హ్యూలెట్, పీట్ కాండిలాండ్ దర్శకత్వం, లండన్‌లోని ప్యాషన్ పిక్చర్స్ పని. పాట ఒక పెద్ద నవ్వుతో మొదలవుతుంది. ఆ వెంటనే బేస్ గిటారు. పాడుబడ్డ టవరు పైన టూ-డీ మెగాఫోను పట్టుకుని పాడుతుంటాడు. చుట్టూ మనుషులు సోయి లేకుండా పడి ఉంటారు. డీ లా సోల్ బృందం పెద్ద పెద్ద తెరల మీంచి నవ్వుతూ ర్యాప్ చెబుతుంది. కిటికీ బయట ఆకాశంలో ఒక దీవి తేలుతూ పోతుంటుంది. దాని మీద గాలిమర, గాలిమర దగ్గర కూర్చుని గిటారు వాయించే నూడుల్. వెనక హెలికాప్టర్లు తరుముతుంటాయి. జపాను బొమ్మల సినిమాల దర్శకుడు మియాజాకీ పని చూసినవాళ్ళకి ఆ దీవి ఎక్కడి చుట్టమో తెలిసిపోతుంది. పాట బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్ళింది, మరుసటి ఏడు గ్రామీ కూడా తెచ్చుకుంది.

నేను నేర్చుకున్నది ఆ దీవి దగ్గర. టవరులో తాళం నేలని తొక్కుతున్నట్టుంటుంది, మనుషులు బరువుగా ఉంటారు. దీవి దగ్గరికి రాగానే పాట తేలికవుతుంది, బొమ్మ కూడా దాంతోపాటే తేలికవుతుంది. పాట ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే వాళ్ళు ఆకాశం చూపించారు. గీత ఎంత బాగున్నా ఈ కుదురు లేకపోతే అది పాట పక్కన ఊరికే నడుస్తున్న సినిమా అవుతుంది.

లెక్క కూడా అక్కడే నేర్చుకున్నాను. ఆ పాట వేగం నిమిషానికి దాదాపు 139 దెబ్బలు. సెకనుకి 24 ఫ్రేములంటే దెబ్బకీ దెబ్బకీ నడుమ పది ఫ్రేములూ ఇంకొంచెం. ఆ కొంచెంతోనే తంటా. పదేసి చొప్పున గుర్తులు పెడుతూ పోతే చరణం చివరికి డ్రమ్ముకర్ర గాలిలో ఉంటుంది. 10, 10, 11, మళ్ళీ 10, 10, 11 అని పెట్టుకుంటూ, నాలుగు వరసలకొకసారి చెవితో సరిచూసుకోవాలి. నీ మొదటి పాటకి 120 వేగం తీసుకో. దెబ్బకి సరిగ్గా 12 ఫ్రేములు, చేతివేళ్ళ మీద లెక్క సరిపోతుంది.

వాయించే చేతుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కర్ర పైకి లేవడానికి ఎన్ని బొమ్మలైనా గియ్యి. కిందకి దిగేటప్పుడు మాత్రం పీనాసివైపో. పైన ఒక బొమ్మ, తోలు మీద ఒక బొమ్మ, నడుమ ఏమీ వద్దు. అప్పుడే దెబ్బ దెబ్బలా పడుతుంది. గిటారుకైతే ఎడమచేతి వేళ్ళు ముందు మారాలి, కుడిచేయి తర్వాత మీటాలి. రెండూ ఒకే ఫ్రేములో పెడితే వాయిద్యం తెలిసినవాడు మొదటి వరసలోనే లేచిపోతాడు.

ఇప్పుడు నోరు. దీదీ చేతిలో ప్రెస్టన్ బ్లెయిర్ పుస్తకం ఉండేది. అందులో నోటి ఆకారాల పట్టీ ఉంది, ప్రపంచమంతా దాన్నే వాడతారు. నేనూ కొన్నేళ్ళు దాంతోనే తెలుగు పాటలు చేశాను. ఏదో తేడా కొట్టేది. బొమ్మ తెలుగు పాడుతున్నా డబ్బింగు సినిమాలా ఉండేది. ఎందుకో తెలిసింది ఒక సెలవుల్లో చిలకలూరిపేట వచ్చి, మా హైస్కూలు తెలుగు మాస్టారిని కలిసినప్పుడు. మాట వరసకి నా బాధ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ప ఫ బ భ మ అను" అన్నారు. ఏడో తరగతిలో చేయించినట్టే చేయించారు. ఓష్ఠ్యాలు. పెదవులు కలవకుండా పలికితే అవి ఉండవు. తర్వాత ట ఠ డ, ళ, ణ అనిపించారు. నాలుక లోపల మడత పడుతోంది, పెదవికి పనే లేదు. నేను వాటికి కూడా పెదవులు ఆడిస్తున్నాను. "మనది అజంత భాషరా, మాట అచ్చుతో ఆగుతుంది. నీ బొమ్మ ప్రతి మాట చివరా నోరు టప్పున మూసేస్తే అది తెలుగెట్లా అవుతుంది?" అని అడిగారు.

ఆ మధ్యాహ్నం ఆయన అరుగు మీద కూర్చుని కొత్త పట్టీ గీసుకున్నాను. ఇప్పటికీ అదే నా ఆస్తి. డు, ము, వు, లు, రు. మన మాటలు ఎన్నో ఇట్లా ఉకారంతో ఆగుతాయి కాబట్టి వరస చివర పెదవి గుండ్రంగా ముందుకొచ్చి, అక్కణ్ణుంచి మెల్లగా సర్దుకోవాలి. గబుక్కున మూయకూడదు. ద్విత్వం వస్తే పెదవిని కాస్త ఎక్కువ సేపు పట్టి ఉంచాలి. 'ఆమె' అన్నప్పుడు మకారానికి రెండు ఫ్రేములు చాలు. 'అమ్మ' అన్నప్పుడు నాలుగు కావాలి. ఆ రెండు ఫ్రేములూ మిగుల్చుకుంటే బొమ్మ 'అమ' అన్నట్టుంటుంది. గమకం వచ్చినప్పుడు పెదవిని వణికించొద్దు. గమకం గొంతులో ఉంటుంది, మెడ దగ్గరో కనుబొమ దగ్గరో చూపించు. ఒక అక్షరం ఆకారం పోకముందే రెండోది మొదలవ్వాలి. 'కు' అనబోయే నోరు క దగ్గరే గుండ్రమవడం మొదలెడుతుంది. అద్దంలో చూసుకో. బాబాయ్ గోరంత పొడుగు రేకు ఇదే.

పాట ఇస్తే నోరు దానంతటదే ఆడించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి. వాడుకో, నేనూ వాడతాను. నేను చూసినవి ఇంగ్లిష్ చెవితో పుట్టినవే. మన మాటల చివర మూసేసిన నోళ్ళని చేత్తో తెరుచుకుంటూ పోవాలి.

తప్పులు చెప్పకపోతే నేర్పినట్టు కాదు. సొంతంగా పట్టిన మొదటి పని ఒక టీవీ ఛానెల్‌కి మూడు నిమిషాల పిల్లల పాట. నేను సెకనుకి 24 చొప్పున చేశాను. మన టీవీ నడిచేది 25తో. అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. 4,320 ఫ్రేములు 25 చొప్పున పరిగెత్తితే దాదాపు 173 సెకన్లలో అయిపోతాయి. పాట ఇంకా ఏడు సెకన్లు మిగిలే ఉంది, నా బొమ్మలు దండం పెట్టేసి నిలబడిపోయాయి. అందరి ముందూ చూశాం. రెండు రాత్రుళ్ళు నిద్ర లేకుండా సరిచేసి ఇచ్చాను, ఆ ఛానెల్ మళ్ళీ పిలవలేదు. అప్పట్నుంచి ప్రతి ఎక్స్-షీటు నెత్తి మీద మొదట ఫ్రేముల లెక్క ఎర్ర సిరాతో రాస్తాను. నువ్వూ రాయి.

ఇంకొకటి దానికన్నా బాధ పెట్టింది. హార్మోనియం వాయించే బొమ్మ ఎడమవైపు చూస్తోంది, నాకు కుడివైపు చూడాలి. కంప్యూటర్లో ఒక్క బటను నొక్కి తిప్పేశాను. ఆ పాట ఒక జాతరలో వేశారు. తోలుబొమ్మలాటలో ముప్పై ఏళ్ళు హార్మోనియం వాయించిన పెద్దాయన ముందు వరసలో ఉన్నాడు. "అబ్బాయ్, వీడు కుడిచేత్తో బెల్లో కొడతన్నాడేంది?" అన్నాడు. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి తిత్తి మీద ఉండాలి. బొమ్మని తిప్పితే చేతులు మారిపోయాయి. వందల మందిలో ఆయన ఒక్కడే పట్టుకున్నాడు, కానీ ఆ వాయిద్యం ఆయనది. మర్నాడు ఆయన ఇంటికెళ్ళి వేళ్ళు ఎట్లా నడుస్తాయో రోజంతా ఫోనులో వీడియో తీసుకున్నాను. నా హార్మోనియం బొమ్మలన్నిటికీ ఆయన వేళ్ళే.

గొంతు ఎవరిదో చెప్పకుండా బొమ్మకే పేరు కట్టబెట్టడం మా వృత్తిలో మొదట్నుంచీ ఉంది. 1969లో అమెరికాలో 'షుగర్, షుగర్' అని ఒక పాట వచ్చింది. పాడింది ఆర్చీస్, అంటే ఆర్చీ కామిక్కుల బొమ్మల బ్యాండు. నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది, ఆ ఏడాది బిల్‌బోర్డు లెక్కలో అన్నిటికన్నా పెద్ద పాట అదే. గొంతు రాన్ డాంటే అనే స్టూడియో గాయకుడిది, ఆడగొంతు టోనీ వైన్‌ది. రికార్డు మీద ఉన్నది మాత్రం ఆర్చీస్ పేరు. 2025లో 'కేపాప్ డీమన్ హంటర్స్' సినిమాలో బొమ్మల బ్యాండు పాడిన 'గోల్డెన్' కూడా బిల్‌బోర్డులో మొదటి స్థానానికి వెళ్ళింది. ఈసారి ఈజే, ఆడ్రీ నూనా, రే ఆమీ అని పాడినవాళ్ళ పేర్లు పాటతోపాటే వెళ్ళాయి. అది చూసి నాకు ఎంతో తృప్తి కలిగింది. తోలుబొమ్మల తెర వెనక జీవితమంతా పాడి పేరు లేకుండా పోయినవాళ్ళు మన దగ్గర ఎంతమందో.

ఇక మా బ్యాండు సంగతి. పేటకి తిరిగొచ్చాక చాలా రోజులుగా అనుకుంటున్న పని ఇది. నలుగురు బొమ్మలు. మిరపచేలోని దిష్టిబొమ్మ పాడుతుంది, కొంగ హార్మోనియం, మేకపోతు డప్పు, ఉడుత తాళాలు. పాట మా దగ్గరి ఊళ్ళో మిరపకోతలకి పోయే ఒక పెద్దమ్మది. కోతల్లో ఆమే కట్టుకున్న పాట. తెల్లవారుజామున మా మూలకి తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టాం. గొంతు బాగానే ఉంది, పాటలో మాత్రం ఆమె లేదు. ఆరుసార్లు పట్టాం. చివరికి కిందకి పోయి ఒక బుట్టెడు మిరపకాయలు తెచ్చి ముందు పోశాను. "పెద్దమ్మా, తాలుకాయలు ఏరుతా పాడు" అన్నాను. మైకు కిందకి దించాం. కూర్చుని, వంగి, వేళ్ళు కాయల్లో పెట్టగానే పాట వచ్చేసింది. వంగినప్పుడు పొట్ట నొక్కుకుపోయి ఊపిరి చాలదు. అందుకే ఆమె మాట మధ్యలో ఊపిరి తీసుకుంటుంది. మొదట వినేవాడికి అది లోపంలా ఉంటుంది. మా పిల్లవాడొకడు ఆ ఊపిరులన్నీ కత్తిరించి శుభ్రం చేసి తెచ్చాడు. మళ్ళీ అన్నీ పెట్టించాను.

పాట 200 సెకన్లు, 4,800 ఫ్రేములు. ముగ్గురం అయిదు నెలలు కూర్చున్నాం. దిష్టిబొమ్మకి ముఖం కుండ, దాని మీద సున్నం గీతలే కళ్ళూ నోరూ. ఛాతీ అంతా గడ్డి. మాటకి ఎనిమిది ఫ్రేముల ముందు, ఆ గడ్డి ఛాతీ కొంచెం ఉబ్బుతుంది. మెడ దగ్గర రెండు గడ్డిపరకలు బయటికి లేస్తాయి. పెదవి ఇంకా కదల్లేదు. తర్వాత రెండు ఫ్రేముల ముందుగా పెదవి, అప్పుడు గొంతు. ఆ రెండు పరకల మీద మా పిల్లవాడు, ఊపిరులు కత్తిరించినవాడే, మూడు వారాలు పనిచేశాడు. ఊపిరి తీసేటప్పుడు పరకలు త్వరగా లేవాలి, వదిలేటప్పుడు నెమ్మదిగా వాలాలి. వాడు గీసిన ఆ పరకలు నేను కూడా గియ్యలేను.

వాళ్ళ ఊరి రామాలయం ముందు తెల్లగుడ్డ కట్టి వేశాం. కోతలకి పోయే ఆడవాళ్ళందరూ వచ్చారు. గొంతు ఎవరిదో ముందు చెప్పలేదు. డప్పు మొదలైంది, దిష్టిబొమ్మ తల ఎత్తింది, పరకలు లేచాయి. ఒక్క మాటా రాకముందే వెనక వరసలోంచి ఒకామె, "ఇది మన వదిన ఊపిరేనే!" అని అరిచింది. నేను ఈ పనిలో అంతకు మించిన మెప్పు పొందలేదు.

బాబాయ్ ఆ రోజుకి లేడు. ప్రభల మీద ఇప్పుడు ఎల్‌ఈడీలు, రోలర్ల పని చిన్న పెట్టెలు చేస్తున్నాయి. ఆయన రోలరు నా బల్ల మీద ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళ చేత దాన్ని ఒకసారి చేత్తో తిప్పిస్తాను.

పెద్దమ్మ తన పేరు అచ్చులో వద్దంది, పాట చివర ఉంటే చాలంది. అందుకే ఇక్కడ రాయలేదు. పాట చివరి పేర్లలో అందరికన్నా ముందు ఆమె పేరే వస్తుంది. తర్వాత హార్మోనియం వేళ్ళ పెద్దాయన, ఆ తర్వాత మా ముగ్గురం. ఆమె పేరు తెర మీద ఆరు సెకన్లు ఒక్కటే నిలబడుతుంది. 144 ఫ్రేములు.